పుక్కిలింతా, కూతా

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురం. నాన్న, అమ్మ, నాయనమ్మ, బాబాయి, నేను. బడికి సెలవు కాబట్టి నేనున్నాను. పదిరోజులు జ్వరంతో పడుకుని లేచిన బాబాయికి ఒంట్లో ఇంకా ఓపిక రాలేదు. తొమ్మిదింటికి కొమ్మలాయన వచ్చాక ఆరుగురమయ్యాం. ఆయన అసలు పేరు ఎవరూ పలకరు. ఎవరింటి మీదికి చెట్టు వాలినా కొమ్మలు కొట్టడానికి ఆయన్నే పిలుస్తారు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో నాన్న పెట్రోలు మిషన్లు బాగుచేస్తాడు. చెట్లు కోసే రంపాలు, గడ్డి కోసేవి, కంచెలు కత్తిరించేవి. అన్నీ పాతవే. ఎక్కడో ఎవరో ఇక పనికిరాదని చెప్పాకే మా దగ్గరికి వస్తాయి. షెడ్డుకీ వంటింటికీ మధ్య ఒక్క గోడే ఉంది. మా కంచాల్లో కూడా పెట్రోలు వాసన వస్తుందని అమ్మ గొణుగుతుంది.

కొమ్మలాయన తన పెద్ద రంపాన్ని బల్ల మీద పెట్టి స్టార్టరు తాడు లాగాడు. తాడు రాలేదు. రంపమే లేచి వచ్చింది.

"చూశావా మేస్త్రీ? నీ దగ్గర్నుంచి తీసుకెళ్ళి వారం. సగం మొద్దు కోసేసరికి నోరు మూసుకుంది. మిగతా సగం గొడ్డలితో కొట్టాను. ఈ వయసులో నాకు గొడ్డలి!"

నాన్న రెండు బోల్టులు విప్పి సైలెన్సరు తీశాడు. లోపలికి టార్చి వేసి చూసి నాకిచ్చాడు. నేనూ చూశాను. నున్నగా మెరవాల్సిన పిస్టను పక్కన నిలువునా గీతలు, పిల్లి గీరినట్టు. పిస్టను లోపల ఇరుక్కుని పట్టేసింది. ఇంజనుకు ఇంతకంటే చెడ్డది లేదు.

నెలలో ఇది మూడోది. మొదట పూలతోట వాళ్ళ గడ్డి మిషను, తర్వాత బడి వాళ్ళ కంచె మిషను, ఇప్పుడిది. మూడూ మా షెడ్డులో బాగుపడి వెళ్ళినవే. ఇరవై ఏళ్ళలో నాన్న చెయ్యి పడ్డ మిషను ఒక్కటి ఇలా తిరిగి రాలేదు.

"ఒరేయ్!" అని నాన్న కేకేశాడు. బాబాయి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"పెట్రోల్లో ఆయిలు ఎంత కలుపుతున్నావురా?"

"యాభైకి ఒకటి అన్నయ్యా. ఎప్పుడూ అంతే."

"అంతే అయితే ఇవెందుకు వచ్చాయి? ఆయిలు లేకపోతేనేగా పిస్టను ఎండిపోయి గీసుకునేది? జ్వరం రాకముందు ఆ డబ్బాలో కలిపేటప్పుడు నీ ధ్యాస ఎక్కడుంది?"

బాబాయి ఏమీ అనలేదు. ఆశ్చర్యం అక్కడే మొదలైంది నాకు. బాబాయి ఆయిలు కొలిచేది నేను చిన్నప్పుడు పాలు తాగిన సీసాతో. దాని మీద గీతలుంటాయి. కంటికి ఎదురుగా ఎత్తి, ఊపిరి బిగబట్టి, గీత దగ్గర ఆపుతాడు. నీకు పాలు కూడా ఇంత జాగ్రత్తగా పట్టలేదే అని నన్ను ఏడిపిస్తాడు. అలాంటివాడు తప్పు నాది కాదు అనడేం?

"మాట్లాడవేం? నీ నోరూ పట్టేసిందా? షెడ్డు తాళంచెవి ఇలా ఇవ్వు. రేపట్నుంచి ఇందులో అడుగు పెట్టకు. వేరే పని చూసుకో."

కోపం వచ్చినప్పుడు నాన్న పొమ్మనడం ఇదివరకూ విన్నాను. పరాయి మనిషి ఎదుట తాళంచెవి అడిగి తీసుకోవడం మాత్రం ఇదే మొదలు. బాబాయికి ఈ షెడ్డు తప్ప ఇంకోచోట పని రాదు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

నేను ఎవరి ముందూ మాట్లాడలేను. బడిలో హాజరు పలకడానికే నాకు గొంతు పెగలదు. అందుకే మాట్లాడకుండా చేసే పని ఒకటి ఆలోచించాను. డైరీలోంచి తెల్ల కాగితం చించి మూడు చుక్కలు వేశాను. ఒకటి మా డబ్బాలోంచే పోయించుకెళ్ళిన కొమ్మలాయన రంపం ట్యాంకులో మిగిలిన పెట్రోలు. రెండోది బాబాయి కలిపిన డబ్బాలోది. మూడోది ఆయిలు కలపని ఉత్త పెట్రోలు. ఎండలో పెట్టి కూర్చున్నాను. పెట్రోలు ఆరిపోతుంది, ఆయిలు ఆరదు. ఉత్త పెట్రోలు చుక్క ఆనవాలు లేకుండా పోయింది. మిగతా రెండూ ఒకే తీరు జిడ్డు మరకలు వదిలాయి.

కాగితం తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టాను. కొమ్మలాయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఆయిలు ఉందిగా మరి! పిల్ల తేల్చేసింది. మేస్త్రీ, మీ తమ్ముడి మీద అనవసరంగా ఎగిరావు."

నాన్న కాగితం తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పాడు. "అయితే ఇంజనులోకి ఎక్కడో గాలి దూరుతోంది. విప్పి చూడాలి" అన్నాడు. తాళంచెవి మాత్రం వెనక్కి ఇవ్వలేదు. "ముందు బాగుకిచ్చిన నీ చిన్న రంపం తీసుకెళ్ళు. అది బాగైపోయింది. గొంతు సరిచేస్తే చాలు."

గొంతు సరిచేయడం నాన్న మాట. కార్బొరేటరు మీద చిన్న స్క్రూ ఉంటుంది. వదులు చేస్తే ఇంజనుకు పెట్రోలు ఎక్కువ వెళ్తుంది, బిగిస్తే తక్కువ వెళ్తుంది. అంత సన్నని తేడా కంటికి కనపడదు, చెవితోనే పట్టుకోవాలి. పూర్తి వేగంలో ఇంజను నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించినట్టు ఉండాలి. కట్టె తగలగానే ఆ పుక్కిలింత ఆగి శబ్దం నున్నబడాలి. కట్టె లేకుండానే సన్నగా కూత పెట్టిందంటే పెట్రోలు చాలడం లేదని అర్థం. ఆయిలు వచ్చేది పెట్రోలుతోనే కాబట్టి పిస్టనుకు ఆయిలూ చాలదు. నాకు ఐదేళ్ళప్పుడు నాన్న నన్ను బల్ల మీద కూర్చోబెట్టుకుని స్క్రూ తిప్పుతూ అడిగేవాడు: "పుక్కిలింతా, కూతా?" నేను చెప్పేదాన్ని. తప్పితే ముక్కుకి గ్రీజు పూసేవాడు. చెవులకు మూతలు పెట్టుకోమని కొమ్మలాయన ఎన్నిసార్లు చెప్పినా నాన్న వినలేదు. మూతలు పెట్టుకుంటే మిషను మాట ఎలా వినాలి అనేవాడు.

నాన్న చిన్న రంపం స్టార్టు చేశాడు. మీట నొక్కి పట్టుకుని స్క్రూ తిప్పాడు. మొదట గరగరలాడింది. కాస్త బిగించాడు. పుక్కిలింత వచ్చింది. అందంగా, ఆగాల్సిన చోటికి వచ్చింది.

నాన్న ఆగలేదు.

ఇంకా బిగించాడు. పుక్కిలింత పోయింది. శబ్దం సన్నబడి, పళ్ళ మధ్యకు దూరేంత కూత అయింది. వెనక్కి తిప్పుతాడని చూశాను. నాన్న తల వంచి, కళ్ళు మూసుకుని, ఇంకొంచెం బిగించి నవ్వాడు.

"ఇదిగో! ఇప్పుడొచ్చింది పుక్కిలింత."

ఈ మధ్య మిషన్ల మోత పదునుగా ఉంటోందని నాకూ అనిపించింది. కానీ నాన్నకు తెలియనిది నాకు తెలుస్తుందా అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు ఆయన ముఖం చూస్తున్నాను. చెవులు చిల్లులు పడే కూత పక్కన ఆ ముఖం హాయిగా ఉంది.

నాన్న రంపం ఆపి బల్ల మీద పెట్టాడు. బాబాయి అలవాటుగా చెయ్యి చాచి దాన్ని అందుకోబోయాడు. నాన్న బాగుచేసిన ప్రతి మిషనునూ మూలకు తీసుకెళ్ళి, గోడవైపు తిరిగి, గుడ్డతో తుడిచి ఇవ్వడం బాబాయి పని.

"ముట్టుకోకు. చెప్పానా లేదా?" అన్నాడు నాన్న.

బాబాయి చెయ్యి గాలిలో ఆగింది. గుడ్డ పక్కకి జారింది. దాని కింద, అరచేతిలో, వేలెడంత స్క్రూడ్రైవరు.

తుడవడానికి స్క్రూడ్రైవరు ఎందుకు? పట్టేసిన ఆ మూడు మిషన్లూ షెడ్డు దాటింది బాబాయి జ్వరంతో పడుకున్న పదిరోజుల్లోనే. ఆ పదిరోజులూ వాటిని ఎవరూ తుడవలేదు, వాటి స్క్రూ ఎవరూ వెనక్కి తిప్పలేదు.

కొమ్మలాయన రంపం చేతిలోకి తీసుకున్నాడు. అలాగే వెళ్ళిపోతాడు. అదీ పట్టేస్తుంది. నింద మళ్ళీ బాబాయి మీదే.

"నాన్నా, అది కూత" అన్నాను.

నాన్న పలకలేదు.

"నాన్నా! అది పుక్కిలింత కాదు, కూత!"

నా గొంతు అంత పైకి లేవడం నేనే ఎప్పుడూ వినలేదు. వంటింట్లోంచి అమ్మ బయటికి వచ్చింది. అరుగు మీది నాయనమ్మ లేచి నిలబడింది. నాన్న మాత్రం పానాలు సర్దుకుంటున్నాడు.

"మేస్త్రీ, పిల్ల పిలుస్తోంది నిన్ను" అన్నాడు కొమ్మలాయన తన బొంగురు గొంతుతో. నాన్న వెంటనే తిరిగాడు.

"ఏంటమ్మా?"

నాయనమ్మ నెమ్మదిగా మెట్లు దిగి నాన్న వెనక్కి వెళ్ళి నిలబడింది. "పెద్దోడా" అంది. మళ్ళీ అంది. మూడోసారి ఇంకా గట్టిగా అంది. నాన్న నా ముఖమే చూస్తున్నాడు, నేనేం చెబుతానా అని.

నాయనమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓరి నా తండ్రీ! మగవాళ్ళు పిలిస్తే పలుకుతావు, మేం పిలిస్తే పలకవు, పొగరనుకున్నానురా నేను. సన్నగొంతులు నీ చెవికి అందడం లేదా!"

అమ్మ గుమ్మం పట్టుకుని కింద కూర్చుంది. ఏడాదిన్నరగా నాన్న తనతో సరిగ్గా మాట్లాడడం లేదని, అడిగినదానికి జవాబు చెప్పడని, తనేం తప్పు చేసిందో తెలియదని అమ్మ నాయనమ్మతో చెప్పి ఏడవడం నేను విన్నాను. ఇప్పుడు ఏడవలేదు. నాన్న చెవులవైపే రెప్ప వేయకుండా చూసింది.

"అది పుక్కిలింత కాదు, కూత అంటోంది మేస్త్రీ" అన్నాడు కొమ్మలాయన. అందరూ తననే చూస్తుంటే నాన్న ముఖం మారింది. రంపం లాక్కుని మళ్ళీ స్టార్టు చేశాడు. తన స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టి, తిప్పు అని సైగ చేశాడు. నేను వెనక్కి తిప్పాను. పావు చుట్టుకు పుక్కిలింత వచ్చింది. కొమ్మలాయన తలాడించాడు. నాన్న తల ఇంకా వంచాడు. చెవి ఇంజనుకు ఆనేంత దగ్గర పెట్టాడు.

"మొద్దుబారింది. నోట్లో మన్ను పోసినట్టుంది" అన్నాడు. తర్వాత కొమ్మలాయన ముఖం చూశాడు. అమ్మ ముఖం చూశాడు. చివరికి బాబాయి చేతిలోని స్క్రూడ్రైవరు చూశాడు. మీట వదిలి స్విచ్చి నొక్కాడు. ఇంజను ఆగింది.

"ఎప్పట్నుంచిరా?"

బాబాయి తల ఎత్తలేదు. "రెండేళ్ళు."

"ప్రతి మిషనూ?"

"ఊఁ."

నాన్న చెయ్యి పెట్టి బల్ల మీది పానాలన్నీ ఒక్కసారి తోసేస్తాడనుకున్నాను. తోయలేదు. తాళంచెవి తీసి బాబాయి వైపు జరిపి, షెడ్డు లోపలికి వెళ్ళి, బోర్లించిన డబ్బా మీద మాకు వీపు చేసి కూర్చున్నాడు.

కొమ్మలాయన రెండు రంపాలూ అక్కడే వదిలేసి, "మళ్ళీ వస్తాలే" అని ఎవరికీ అని కాకుండా చెప్పి వెళ్ళాడు. వెళ్తూ నా తల మీద చెయ్యి వేశాడు. ఎందుకు వేశాడో తెలియలేదు. నేను గెలిచాననుకున్నాను. బాబాయి ఎక్కడికీ పోడు, తాళంచెవి వెనక్కి వచ్చింది.

బాబాయి నాన్న దగ్గరికి వెళ్తుంటే నేనూ వెనకే వెళ్ళాను. గుమ్మం దగ్గర ఆయన ఆగి నావైపు తిరిగాడు. నన్ను ఎప్పుడూ చూడని చూపు చూశాడు.

"నిన్నెవరు చెప్పమన్నారే?"

"నిన్ను పొమ్మన్నారు కదా బాబాయ్. తాళంచెవి కూడా..."

"సాయంత్రానికి మళ్ళీ నా చేతిలోనే పెట్టేవాడు. పొమ్మన్న ప్రతిసారీ నేను పోయానా? ఆయనకు తెలియకుండా నేను ముసలివాణ్ణయ్యేదాకా తిప్పేవాణ్ణి. నాకు బరువా అది?"

"నాకు తెలియదు బాబాయ్."

"నా మీద పడ్డ మాట రేపటికి మర్చిపోయేవాడు. ఇది మర్చిపోడు."

ఆయన భుజం మీదుగా నాన్న వీపు కనిపిస్తోంది. నేను పక్కకి వంగి "నాన్నా" అన్నాను. వీపు కదల్లేదు. వినపడక కదలలేదో, వినపడే కదలలేదో నాకు తెలియలేదు. ఇంకోసారి పిలవబోయాను.

బాబాయి తలుపు మూశాడు.