ఊపిరాడని బండి

ఐలయ్యకు తన పికప్ బండి మీదున్న ప్రేమలో పావు వంతు మనుషుల మీద ఉండి ఉంటే, ఈపాటికి నానక్‌రామ్‌గూడలో ఎన్నికలకు నిలబడినా గెలిచేవాడు. ఇప్పటి బళ్లు కంప్యూటర్ చెప్పినంతే పెట్రోలు తాగుతాయి. ఐలయ్యది మాత్రం పాతకాలం కార్బొరేటర్ బండి. అందులో గాలి ఎంత, పెట్రోలు ఎంత అన్నది రెండు స్క్రూలూ ఆయన చెవీ కలిసి తేల్చాలి. ఆ చెవికి తిరుగులేదని ఆయన నమ్మకం. హాస్టళ్ల మెస్సులకు కూరగాయలు మోసి ఇన్నేళ్లూ ఇల్లు నడిపిన బండి మరి, దాన్ని ఎవరు మాటన్నా ఊరుకునేవాడు కాదు.

అలాంటి బండికి బోనాల పండగ తర్వాత మాయరోగం పట్టుకుంది. లీటరుకు పన్నెండు కిలోమీటర్లున్న మైలేజీ ఏడుకు దిగింది. ఫ్లైఓవర్ ఎక్కమంటే రొప్పుతుంది, వెనకాల నల్లటి పొగ కక్కుతుంది. ఐలయ్య కార్బొరేటర్ విప్పి పెట్రోలు చిమ్మే జెట్లు కడిగాడు. ప్లగ్గులు మార్చాడు, కొత్త ఎయిర్ ఫిల్టర్ వేశాడు. టైర్లలో గాలి నింపి, వెనక పడి ఉన్న పాత ఇనుమంతా దించేశాడు. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపాడు, రేసు మీద కాలు పెట్టీ పెట్టనట్టు నడిపాడు. బండి ఆయన్ని ఖాతరు చెయ్యలేదు.

చివరికి, పాత బళ్లు కొని తుక్కుకు పంపే రాకేశ్‌కు ఫోన్ చేసి, మర్నాడు పొద్దున వచ్చి తీసుకుపొమ్మన్నాడు. ఆ సంగతి చెబితే భార్య కనకమ్మ "పోనీలే" అంది. కన్నీళ్లు పెట్టుకుంటుందనుకున్న ఐలయ్యకు ఒళ్లు మండింది.

తెల్లారింది. రాకేశ్ వచ్చేలోపు చేతులు ఊరుకోక మళ్లీ బానెట్ ఎత్తాడు. ఆయన విప్పనిది ఒక్కటే మిగిలింది. హెడ్‌లైట్ వెనక నుంచి ఫిల్టర్ డబ్బాకు గాలి తెచ్చే గొట్టం. ఉత్త గొట్టం, అందులో చెడిపోవడానికి ఏముంటుంది? అయినా లాగి వేలు పెట్టాడు. మెత్తగా తగిలింది. ఎలుక అనుకుని "ఓయమ్మా" అంటూ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

పట్టకారుతో పట్టి లాగితే బయటికొచ్చింది ఎలుక కాదు. మసి పట్టిన పసుపు గుడ్డ, పిడికిలంత మూట. నొక్కి చూస్తే లోపల బియ్యం, రూపాయి బిళ్ల. ముడుపు! ఇన్ని నెలలూ ముక్కులో గుడ్డ కుక్కి బండిని పరుగెత్తమన్నాడన్నమాట. గాలి అందక అది పెట్రోలే తాగింది పాపం.

"ఓ కనకమ్మా!"

కనకమ్మ చీపురు పట్టుకునే వచ్చింది. ముడుపు చూసి ఆమె ముఖం పాలిపోయింది. "తీసినవా? ఎందుకు తీసినవయ్యా, ఇంక మొక్కు తీరనే లేదు!"

"నువ్వు పెట్టినవా? ముడుపు పెట్టనీకి నీకు గీ జాగనే దొరికిందా?"

"నువ్వే చెప్పినవ్ గద, బండి ముక్కు ఇదేనని, ఊపిరి ఈడికెల్లే పీలుస్తదని. ఊపిరి కాడ పెడితే మొక్కు గట్టిగుంటదనుకున్న."

చెప్పిన మాట నిజమే. బండి కడుగుతూ గొప్పలు పోయిన రోజుల్లో చెప్పాడు. "బండి సల్లగుండాలని మొక్కి, దాని పానమే తీసినవ్ గదనే!" అని తల పట్టుకున్నాడు.

"బండి కోసం మొక్కలేదు." కనకమ్మ ఆయన చేతిలోంచి ముడుపు తీసుకుంది. "నీ కోసం మొక్కిన."

"నాకేమైందే?"

"బోనాల ముంగట, నేను పనికెల్లి షేర్ ఆటోల వస్తున్న. నీ బండి రోడ్డు పక్కకు ఆగి ఉంది. నీ తల స్టీరింగ్ మీద వాలిపోయి ఉంది. ఆటో ఆపిచ్చి ఉరికొచ్చే వరకు నువ్వు లేసి, మొఖం తుడుసుకొని పోయినవ్. ఇంటికొచ్చినంక ఏమైందంటే ట్రాఫిక్ అన్నవ్."

ఆ రోజు కళ్లకు చీకట్లు కమ్మిన సంగతి తనకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదనుకున్నాడు ఐలయ్య. ఆ తర్వాత కూడా అలాగే కళ్లు చీకట్లు కమ్మాయి. బయటపెడితే స్టీరింగ్ పట్టనివ్వరని నోరు కుట్టేసుకున్నాడు.

"అడిగితే ఇంతెత్తున లేస్తవ్. అందుకే పోచమ్మకు చెప్పుకున్న. మా ఆయన పానంతోని ఈ బండి దిగాలె తల్లీ, దిగినంక నీ ముడుపు చెల్లిస్త అన్న. మైలేజీ పడిపోయిందని నువ్వు పరేషాన్ అయినప్పుడల్లా నేను లోపల దండం పెట్టుకున్న. బండి పోతది, మనిషి మిగులుతడు అనుకున్న."

ఇంజన్ కాస్త దగ్గితే పట్టేసే ఐలయ్య చెవికి, పక్కన పడుకున్న మనిషి భయం ఇన్నాళ్లూ వినబడలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఏం చెయ్యాలో తోచక గొట్టం బిగించి తాళం తిప్పాడు.

బండి ఒక్క తిప్పుకే లేచింది. పొగ లేదు, రొప్పు లేదు, కొన్న రోజు ఎట్లా మోగిందో అట్లా మోగింది. అప్పుడే బైకు దిగిన రాకేశ్ నోరు తెరిచాడు. "ఐలన్నా, ఇంత మంచిగ ఉన్న బండిని తుక్కుకు ఇస్తవా?"

కనకమ్మ ముడుపు మీది మసిని కొంగుతో తుడుస్తూ నిలబడింది. తల ఎత్తలేదు.

ఐలయ్య కాసేపు ఆ శబ్దం విన్నాడు. ఇంజన్ ఆపి, తాళం తీసి రాకేశ్ చేతిలో పెట్టాడు. "తుక్కు చెయ్యకు తమ్మీ. నడిపేటోనికి ఎవరికన్నా ఇయ్యి."

తర్వాత భార్య వైపు తిరిగాడు. "చెప్పులేసుకో. దవాఖానకు పోదాం."

"దేంట్ల?" అంటూ కనకమ్మ అలవాటుగా పికప్ వైపు చూసింది.

"షేర్ ఆటోల," అన్నాడు ఐలయ్య.