వెనక టైరుకి గాలి

పొద్దున్నే నా మొదటి పని కారు వెనక టైరుకి గాలి కొట్టడం. పాలు కాచడం రెండోది. మొహం కడుక్కోవడం మూడోదో నాలుగోదో, అది మా ఆయన ఎంత తొందరలో లేచారన్న దాన్ని బట్టి ఉండేది. సాయంత్రం నిండుగా ఉన్న టైరు తెల్లారేసరికి నేలకి కూలబడిపోయేది. కాలితో తొక్కే పంపుని మా అబ్బాయే కొనుక్కొచ్చాడు. "అమ్మా, ఇది నీకే. నడవమంటే నడవవు కదా, ఇదే నీకు వ్యాయామం" అని రంగు కాగితం చుట్టి మరీ చేతిలో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏం చెప్పమంటారు, నేనూ కొట్టాను.

టైర్ల షాపు మేస్త్రీ మొదట్లోనే చెప్పాడు. "పక్కన పగుళ్లొచ్చాయి సార్, ప్యాచ్ వేసినా నిలవదు, మార్చేయండి" అన్నాడు. మా ఆయన వంగి టైరు గాడిలో గోరు పెట్టి చూసి, "గాడులు ఇంకా ఇంత లోతున్నాయి, బతికున్నదాన్ని పారేస్తామా?" అన్నారు. "మరి రోజూ గాలి ఎవరు కొడతారు సార్?" అని మేస్త్రీ అడిగాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు తిరగనైనా తిరగకుండా, "ఇంట్లో ఉన్నార్లే" అన్నారు.

అసలు తప్పు నాది కూడా. కొత్తది దాచి పాతది అరగదీయడం మా ఇంటి పద్ధతి, దాన్ని నేను గొప్పగానే చెప్పుకున్నాను. గిన్నె చిల్లు పడేదాకా కొత్త గిన్నె అటక దిగదు. చెప్పు తెగేదాకా కొత్త జత అట్టపెట్టెలోంచి రాదు. మా అత్తగారు మెత్తని ఉన్ని దుప్పటి ఒకటి పెట్టెలో దాచుకుని, జీవితమంతా అతుకుల దుప్పటే కప్పుకున్నారు. ఆవిడ పోయాక ఆ కొత్తది తీసి దులిపితే, మడత మడతకీ పిగిలిపోయి నా చేతుల్లో ముక్కలైంది. అది చూసి కూడా నాకు బుద్ధి రాలేదు.

అలా పదకొండు నెలలు తొక్కాను. లోపల్నించి "పంపు మీద ముల్లు ఎంతకొచ్చిందీ?" అని ఆయన కేక, "వస్తోందండీ" అని నా కేక. ఇంటికి ఎవరొచ్చినా మా అబ్బాయి, "మా ఇంట్లో కంప్రెసర్ కాఫీ కూడా పెడుతుంది" అని నన్ను చూపించేవాడు. వచ్చినవాళ్లు నవ్వుకుంటూ కాఫీ తాగేవాళ్లు. కుడి మోకాలు బూరెలా వాచింది. డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, "గుజ్జు అరిగిపోయిందమ్మా, ఇక కుడి కాలి మీద బరువు వేయొద్దు" అంది. ఇంటికొచ్చి ఆ మాటే చెబితే, మా ఆయన పేపరు మడిచి, "ఎడమది బాగానే ఉందిగా" అన్నారు. వెటకారం కాదండీ, నాకేదో ఉపాయం చెబుతున్నట్టే అన్నారు. మర్నాడు నేను ఎడమ కాలితో తొక్కాను. ఆయన మాట కన్నా, నేను తొక్కానన్నదే ఇప్పటికీ నన్ను పొడుస్తుంది.

పోయిన వారం డిక్కీలో నూనె సీసా ఒలికింది. తుడుద్దామని అడుగున పరిచిన పట్టా ఎత్తాను. దాని కింద టైరు. నల్లగా నిగనిగలాడుతూ, పైన రబ్బరు నూగు కూడా రాలని కొత్త టైరు. ఆయన్ని పిలిచాను.

"ఇది ఎప్పట్నించి ఉంది?"

"కారుతోనే వచ్చింది. స్టెప్నీ."

"మరి దీన్ని వేసేయొచ్చు కదండీ!"

"భలేదానివే, రేపు దారిలో టైరు పడుకుంటే? అది అవసరానికి."

"మరి నా కాలు?"

"దారిలో నువ్వుంటావా ఏంటి? ఇంట్లో అంటే నువ్వున్నావు."

మా అబ్బాయి పకపకా నవ్వాడు. "అమ్మా, ప్రతి కారుకీ స్టెప్నీ ఉంటుందే. ఇన్నాళ్లూ నీకు తెలీదా?" అన్నాడు. అంటే వాడికీ తెలుసు.

మర్నాడు పొద్దున్న, "నేను లేవను" అన్నాను. ఎవరూ గొడవ పడలేదు. నాకు అందుకే భయమేసింది. కాసేపటికి వాకిట్లో పంపు చప్పుడు వినబడింది. కిటికీ తీస్తే, మా కోడలు. ఆసుపత్రి ల్యాబులో రోజంతా నిలబడి చేసే ఉద్యోగం దానిది. కారు అటువైపు వెళ్లదని దాన్ని ఎప్పుడూ బస్సుకే పంపుతారు. భుజాన సంచీ దించకుండానే తొక్కుతోంది. సందు చివర దాని బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. మా అబ్బాయి ఫోన్ చూసుకుంటూ, "గట్టిగా తొక్కు. మా అమ్మ ఈ వయసులో తొక్కింది, నీకేం రోగం?" అంటున్నాడు. నా పదకొండు నెలల కష్టాన్ని కర్రలా పట్టుకుని వాడు ఆ పిల్లని అదిలిస్తున్నాడు.

గోడ పట్టుకుని కుంటుకుంటూ బయటికొచ్చాను. మా అబ్బాయి బూట్లు వేసుకోవడానికి లోపలికెళ్లాడు. అప్పుడు నా నోట్లోంచి ముందుగా వచ్చిన మాట ఏంటో తెలుసా? "మడమతో కాదమ్మా, పాదం మధ్యలో ఆనించి తొక్కు, నొప్పి తెలీదు."

అది తొక్కడం ఆపి నా మోకాలి వైపు చూసింది. "ఎన్నాళ్లు తెలీదు అత్తయ్యా?"

నేను వంగి పంపు గొట్టం లాగేశాను. "చాలు, కాలు తియ్యి" అన్నాను.

"సగమే వచ్చింది కదా!"

"చాలన్నానా? లోపలికెళ్లి కాళ్లు కడుక్కో."

టైరుకి మూత బిగించాను. సగం గాలితో ఆ టైరు పైనుంచి చూసేవాళ్లకి బాగానే కనిపిస్తుంది. వంగి చూస్తేగానీ తెలీదు. మా ఇంట్లో వంగేది నేనొక్కదాన్నే. అది ఎంత దూరం వెళ్తుందో నాకు తెలుసు. మార్కెట్టు దాటుతుంది, వంతెన ఎక్కుతుంది, దిగదు. పైన బండి పక్కకి తీసుకోవడానికి చోటుండదు, వెనక లారీలు తోసుకుంటూ వస్తాయి.

మా ఆయన ఇస్త్రీ చొక్కా సర్దుకుంటూ వచ్చి తలుపు తీసి కూర్చున్నారు. నా కొడుకు పక్క సీట్లో కూర్చుని, అద్దం దించి, "అలక తీరిందా కంప్రెసరూ?" అన్నాడు. ఆయన తాళం తిప్పి, "సరిపోయిందా గాలి?" అని అడిగారు.

"నిండుగా ఉంది, వెళ్లిరండి" అన్నాను.