టెంటాయన పలకరింపు

జుల్ఫికర్‌కు నోట్లో నాలుక లేదు. గుంజలతో, తాళ్లతో ఎంతసేపైనా గడుపుతాడు గానీ మనిషి ఎదురుపడితే సలాం కొట్టి పక్కసందులోకి తిరిగిపోతాడు. ఇలాంటివాడు ఆత్మకూరులో టెంట్ హౌస్ నడపడమేమిటని మీరు అడగొచ్చు. అతను పెట్టింది కాదు మరి, తండ్రి ఫక్రుద్దీన్ పెట్టింది. ఫక్రుద్దీన్ దుకాణంలో కూర్చున్నదే తక్కువ. ఈ అరుగు మీద చాయ్, ఆ అరుగు మీద ముచ్చట. ఎవరి బిడ్డకు సంబంధం కుదిరిందో, ఎవరి కోడలు పురిటికి వెళ్లిందో అతనికి తెలియకుండా ఉండేది కాదు. పెళ్లయినా చావైనా ఊళ్లో మొదటి ఫోను ఫక్రుద్దీన్‌కే. ఆయన పోయాక ఆ అలవాటుకొద్దీ కొన్నాళ్లు కొడుక్కి ఫోన్లు వచ్చాయి. పని శుభ్రంగా చేస్తే చాలు, జనం వాళ్లే వస్తారని జుల్ఫికర్ నమ్మాడు. పాపం, అమాయకుడు.

అంతలో ఊరి బయట ఫంక్షన్ హాల్ లేచింది. ఏసీ, లైట్లు, కుర్చీలకు తెల్లటి తొడుగులు, అన్నీ అక్కడే. పెళ్లిళ్లన్నీ అటు మళ్లాయి. జుల్ఫికర్‌కు చావులు, దశదినాలు మిగిలాయి. మంచి ముహూర్తాలు దగ్గరపడుతున్నా ఒక్క పెళ్లి కుదరలేదు. అతని భార్య నౌరీన్ తమ్ముడు షాద్‌నగర్‌లో ఒక కంపెనీలో పనిచేస్తాడు. గేటు దగ్గర మనిషి కావాలట, బావ వస్తాడా అని అతను అడగనే అడిగాడు. ఈ ముహూర్తాలు కూడా ఇలాగే పోతే టెంట్లు అమ్మేసి షాద్‌నగర్ పోవడమేనని మొగుడూ పెళ్లాలు అనుకున్నారు. తండ్రి తెరిచిన దుకాణానికి తన చేత్తో తాళం వేయడం తలచుకుంటేనే జుల్ఫికర్‌కు అన్నం సహించేది కాదు.

ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ. కోపమొస్తే మాత్రం నౌరీన్ నోటికి తెలుగే వస్తుంది. ఒకనాడు పొద్దున్నే తెలుగులో అందుకుంది.

"గిట్ల దుకాన్ల కూసోని ఈగలు కొట్టుకుంట ఉంటె ఎవలొస్తరు? మనుషులల్లకు పో. మామ గట్లనే జేసిండు గద. ఎవలన్న మంచాన వడితె పండ్లు వట్టుకపోయి పలకరించు. మనోడు అనుకుంటె గద మనల్ని పిలుస్తరు!"

"పోయి ఏం మాట్లాడాలె?"

"నీ తలకాయ మాట్లాడు. జర సేపు కూసోని రా, సాలు."

ఆ మాట పట్టుకుని బయల్దేరాడు. ఒకరింట్లో పసిపిల్లను చూడబోయి, చాయ్ తాగి, ఆడపిల్లో మగపిల్లాడో కూడా అడక్కుండా తిరిగొచ్చాడు. ఆ తర్వాత వెళ్లింది అంజయ్య ఇంటికి. అంజయ్య వరి రైతు, ఫక్రుద్దీన్‌కు పాత దోస్తు. ఊపిరితిత్తులకు నిమ్ము చేసి, మహబూబ్‌నగర్ దవాఖానలో పడుకుని, ఇంటికొచ్చి కూడా మంచం దిగలేదు. చూడవచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుంటూ వెళ్తున్నారు. మనవరాలు హరితకు సంబంధం కుదిరింది గానీ తాత సంగతి తేలేదాకా ముహూర్తం మాట ఎవరూ ఎత్తడం లేదు.

జుల్ఫికర్ ఆపిల్ పండ్లు పట్టుకెళ్లాడు. "ఎట్లున్నవు మామా" అన్నాడు. "ఉన్న" అన్నాడు అంజయ్య. అంతటితో మాటలు అయిపోయాయి. జుల్ఫికర్ నేల చూశాడు, దూలం చూశాడు, తలుపులోంచి వాకిలి చూశాడు. ఆ వాకిలి చూడటమే కొంప ముంచింది. టెంట్లు వేసేవాడి కంటికి వాకిలంటే గుంజ ఎక్కడ పాతాలి, తాడు దేనికి కట్టాలి, అంతే. మెల్లగా లేచి బయటికి నడిచాడు. గేటు దగ్గర నిలబడి ఈ మూల నుంచి ఆ మూలకు చూశాడు. నేల గట్టిదా, మేకు దిగుతుందా అని మడమతో తన్ని చూశాడు. తను ఏం చేస్తున్నాడో, ఒట్టు, అతనికే తెలియదు.

మంచినీళ్ల చెంబుతో ఎదురొచ్చిన అంజయ్య భార్య అరుణమ్మకు మాత్రం బాగా తెలిసింది.

"ఓరి నీ పాడుగాను! మా ముసలాయన కండ్లు తెరుసుకోని సూస్తుండంగనే గుంజలకు జాగ సూస్తున్నవా? పలకరియ్యనీకె వచ్చినవా, కొలవనీకె వచ్చినవా?"

"అయ్యో, గట్ల గాదు అత్తా..."

"నడువ్ ముందు! నీ పండ్లు గూడ తీస్కపో!"

ఇరుగుపొరుగు గోడల మీద తలలు లేచాయి. జుల్ఫికర్ పండ్ల సంచీ పట్టుకుని, తల దించుకుని నడిచిపోయాడు.

ఇలాంటి కబురు ఆగుతుందా? పొద్దు గూకేలోగా ఊరంతా పాకింది. అతను చాయ్ హోటల్ వైపు వస్తే చాలు, "జుల్ఫికర్ వస్తుండు, మీ ముసలోల్లను లోపల దాసుండ్రిరో" అని నవ్వేవాళ్లు. మోకాళ్ల నొప్పులతో వంగి నడిచే ఒక పెద్దాయనైతే అతన్ని చూడగానే నిటారుగా నడవడం మొదలుపెట్టాడు. నవ్వులాటతో పోతే ఫరవాలేదు, అడపాదడపా వచ్చే ఫోన్లు కూడా ఆగిపోయాయి. నౌరీన్ విని ముందు కడుపుబ్బ నవ్వింది, తర్వాత ఏడ్చింది. నెల మొదట్లో వస్తామని తమ్ముడికి చెప్పేసింది. జుల్ఫికర్ అడ్డు చెప్పలేదు. అతన్ని లోలోపల తినేస్తున్నది వేరే ఉంది. చిన్నప్పుడు తనను ఎడ్లబండి మీద కూర్చోబెట్టుకుని పొలానికి తీసుకెళ్లిన మనిషి మంచాన ఉంటే, చూడబోయి తను చూసింది గుంజల జాగానా? ఆ సిగ్గుకు మందు లేదు.

ఒకనాడు దుకాణం ఊడుస్తుంటే ఫోను మోగింది. అరుణమ్మ.

"జుల్ఫికర్, జర జల్ది ఇంటికి రా" అని పెట్టేసింది.

ఈ పనిలో ఉన్నవాడికి అంతకుమించి చెప్పక్కర్లేదు. పెళ్లి ఫోనైతే ఎన్ని కుర్చీలు, ఏ రంగు పరదాలు, ఎంత తగ్గిస్తావు అని సాగుతూనే ఉంటుంది. చావు ఫోను ఇంతే, జల్ది రా. ఎవరు, ఎప్పుడు అని తిరిగి అడగకూడదు. ట్రాలీ ఆటోలో టెంటు, కుర్చీలు వేసుకుని వెళ్లి నిలబడాలి. ఏడుస్తున్నవాళ్లు తలెత్తి చూసేసరికి నెత్తిన నీడ ఉండాలి. ఫక్రుద్దీన్ నేర్పిన మర్యాద అది.

టెంట్లు వేసే ఇస్రాయేలు ఫక్రుద్దీన్ కాలం నుంచీ ఉన్నవాడు. జుల్ఫికర్ ముఖం చూసి, ఏమీ అడక్కుండా కుర్చీలు అందుకున్నాడు.

"ఆగు" అన్నాడు జుల్ఫికర్.

"గదేంది భయ్? ఎండ ముదురుతాంది, నింపుదాం."

"వద్దు. నువ్వు ఈడ్నే ఉండు."

స్కూటర్ తీశాడు. పని కోసం మొహం వాచిన మనిషి, దారి పొడుగునా దేవుణ్ని ఒకటే వేడుకున్నాడు. యా అల్లా, ఈ పని నాకొద్దు. దుకాణం పోతే పోనీ, ఈ ఒక్క పని నాకొద్దు.

అంజయ్య ఇంటి గడప ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. ఏదో కబురందుకుని హడావిడిగా విడిచినట్టున్నాయి. ఎన్ని చావు ఇళ్ల ముందు చూడలేదు అలాంటి గుట్టలు! జుల్ఫికర్ గేటు పట్టుకుని నిలబడ్డాడు.

అరుణమ్మ బయటికొచ్చింది. "వచ్చినవా?"

"ఎప్పుడు పోయిండు అత్తా?"

"ఎవలు?"

"మామ..."

జవాబు లోపలి నుంచి వచ్చింది.

"ఎవలే అది? జుల్ఫికరా? లోపలికి రమ్మను!"

బొంగురుపోయినా అది అంజయ్య గొంతే. జుల్ఫికర్‌కు ప్రాణం లేచొచ్చింది. మెట్టు మీద కూలబడి, నవ్వుతూ ఏడుస్తూ, ఊరుకాని ఊరి చుట్టాలు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ముక్కు చీదుకున్నాడు.

లోపల అంజయ్య మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉప్మా తింటున్నాడు. చిక్కిపోయాడు గానీ కళ్లలో కళ ఉంది. ఎదురుగా హరితను చేసుకోబోయే వాళ్లు, నారాయణపేట నుంచి వచ్చినవాళ్లు.

"దవాఖాన నుంచి వచ్చినకాడికెల్లి అందరు నా ముందల గుసగుసలే బిడ్డా" అన్నాడు అంజయ్య. "గీమె గూడ గంతే, గొంతు లేస్తలేదు. ఇగ నా పని అయిపోయిందనే అనుకున్న. ఆనాడు నిన్ను తిట్టింది సూడు, గప్పుడు నా పెండ్లాం గొంతు మల్ల ఇన్న. నవ్వు ఆగలే. నవ్వి నవ్వి దగ్గొచ్చి, తెమడ పడి, రొమ్ము తేలికైంది. గా పూట అన్నమడిగి తిన్న."

హరిత పెళ్లి ఫంక్షన్ హాల్లో చేద్దామని వియ్యాలవారన్నారట. అంత దూరం పోలేను, నా వాకిట్లోనే కావాలని అంజయ్య పట్టుబట్టాడట. ఇప్పుడే మాట ఖాయమైంది, వియ్యాలవారు కదిలేలోగా టెంటు సంగతి కూడా తేల్చాలని అరుణమ్మ ఫోను తీసింది. పెళ్లికొడుకు తండ్రి విజేందర్ జుల్ఫికర్ తడి ముఖాన్ని కాసేపు చూసి, "మా ఇంటి కాడ రిసెప్షన్‌కు గూడ నువ్వే రావాలె భయ్. మా తమ్ముని కొడుకు లగ్గం గూడ ఉన్నది" అన్నాడు.

అరుణమ్మ మాత్రం ఇంకా గడప దగ్గరే నిలబడి ఉంది.

"నాకొక్కటి సమజ్ గాలే. జల్ది రా అంటె ఈన పోయిండనే అనుకున్నవు గద. మరి బండి నింపుకోని ఎందుకు రాలేదు?"

జుల్ఫికర్ తల దించుకున్నాడు.

"నింపబుద్ధి గాలే అత్తా. బండి నింపితె, మామ పోయిండని నేను గూడ ఒప్పుకున్నట్లయితది గద."

అరుణమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. వంటింటి వైపు తిరిగి, ఎప్పటి గొంతుతోనే అరిచింది: "హరితా, జుల్ఫికర్ మామకు గూడ ఉప్మా వెట్టు!"

తిన్నాక వాకిట్లోకొచ్చి జుల్ఫికర్ నౌరీన్‌కు ఫోను చేశాడు. అంజయ్య మామ బతికే ఉన్నాడని, ఉప్మా తింటున్నాడని, నవ్వుతున్నాడని గడగడా చెప్పి పెట్టేశాడు. పెట్టాక గుర్తొచ్చింది, పెళ్లి సంగతి చెప్పనే లేదు. మళ్లీ చేశాడు.

"మీ తమ్మునికి చెప్పు, మనం వస్తలేమని."