కొసన వదలాల్సిన నూలు

మేనల్లుడు వీరేష్ ఫోన్ చేసి "మామా, నువ్వొచ్చి ఈమెకు బుద్ధి సెప్పల్ల" అన్నప్పుడే, భార్యతో గొడవని ఆదెప్పకు తెలిసిపోయింది. ఎమ్మిగనూరులో పొద్దున్నే బస్సెక్కి ఆదోనిలో దిగాడు. పక్క సీటువాడు రెండు మాటలు కదిపినా జవాబివ్వలేదు. భార్య మల్లేశ్వరి పోయిన ఈ ఐదేళ్లలో ఆయన మనుషులతో మాటలు తగ్గించేశాడు. ఓదార్చడానికి ఎవరైనా నోరు తెరిస్తే లేచి వెళ్లిపోతాడు.

వీరేష్ తండ్రి ఉచ్చీరప్ప, ఆదెప్పకు బావ. పక్షవాతం వచ్చి నాలుగేళ్లు. అక్క అంతకుముందే పోయింది. మంచంలో మనిషిని ఎత్తడం, కడగడం, తినిపించడం, ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, అన్నీ కోడలు మహేశ్వరే. ఇప్పుడామె ఒక్కటే అడిగింది. ఏడాదిలో ఆరు నెలలు మామను ఆస్పరిలో ఉన్న మరిది ఇంట్లో ఉంచమంది. వీరేష్ ఒప్పుకోలేదు. పెద్దకొడుకుండగా తండ్రిని ఊర్లు తిప్పితే జనం ముఖాన ఉమ్ముతారన్నాడు.

గుమ్మంలో మహేశ్వరి చెంబుతో నీళ్లిచ్చింది. ఆదెప్ప ఒక్క క్షణం ఆమెను పోల్చుకోలేకపోయాడు. నలభై ఒక్కేళ్లు. పాపట పొడుగునా తెలుపు. కళ్ల కింద చర్మం వేలాడుతోంది.

"కూసో మామా," వీరేష్ కుర్చీ జరిపాడు. "నువ్వే సెప్పు ఈమెకు. అవ్వ, మీ యమ్మ, మీ ఇంట్ల పదకొండేండ్లు మంచంలో ఉన్నె. మల్లేశ్వరత్త ఒక్కనాడన్నా నోరు తెరిసిందా? మా యమ్మ ఆదోనికి తీస్కపోతానన్నా నువ్వు పంపల్యా. మగోడంటే నువ్వు మామా."

అక్క రెండుసార్లు వచ్చి అడిగిన మాట నిజమే. నా తల్లికి నా ఇంట్లో కూడు లేదా అని ఆదెప్ప కసిరి పంపాడు. అప్పుడు మల్లేశ్వరి తలుపు వెనక నిలబడి ఉంది. ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి ఇష్టమే అనుకున్నాడు. అలా అనుకోవడం ఆయనకు సుఖంగా ఉండింది.

"మల్లేశ్వరవ్వ మాట ఎత్తొద్దు నాయినా," లోపలి నుంచి హేమ వచ్చింది. వీరేష్ కూతురు, డిగ్రీ రెండో ఏడు. "తాతా, నేనొకటి సెప్తా, విను. మన ఒంట్ల ప్రతి కణంలో పోగులుంటాయి. క్రోమోజోములంటారు. ఆ పోగుల కొసలకు టెలోమియర్లని ఉంటాయి. కణం చీలి రెండైనప్పుడల్లా ఆ కొస రవ్వంత తరుగుతాది. మరీ పొట్టిదైపోతే ఆ కణం ఇంక చీలదు. ముసలిదైనట్టే."

"అందరికీ తరిగేదే గదా," అన్నాడు వీరేష్.

"అందరికీ ఒకే తీరుగా కాదు. నిద్ర లేకున్నా, పొగ తాగినా, ఏండ్ల తరబడి మనసుకు నెమ్మది లేకున్నా ఇంకా బిరీన తరుగుతాదంట. జబ్బు బిడ్డల్ని సాకే తల్లుల రక్తం తీసి సూసినారు. ఎన్ని ఎక్కువ ఏండ్లు సాకితే కొసలు అంత పొట్టిగా ఉన్నాయంట."

"రక్తం దాకా పోయినావా! మీయమ్మకు నేనేం తక్కువ సేసినా?"

"నిద్ర," అంది మహేశ్వరి.

ఆదెప్ప వచ్చాక ఆమె నోటినుంచి వచ్చిన మొదటి మాట అది.

ఆదెప్పకు హేమ చెప్పింది బాగానే అర్థమైంది. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చున్నవాడు. మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోయేటప్పుడు కొసన మూరెడు నూలు నేయకుండా వదలాలి. దానిమీద బట్ట రాదు, అంచు రాదు. కానీ కొత్త పడుగును అతికేది ఆ నూలుకే. ఒకసారి ఆశపడి ఆయన చివరిదాకా నేశాడు. కొసలు చాలక పోగులన్నీ, వాటిని విడివిడిగా పట్టి ఉంచే అచ్చు పళ్లలోంచి జారిపోయాయి. మల్లేశ్వరి మూడు రోజులు వంగి కూర్చుని, వేళ్లకు బూడిద రాసుకుంటూ, వేల పోగుల్ని ఒక్కొక్కటే మళ్లీ ఎక్కించింది. మధ్యలో అత్త మూలిగితే లేచిపోయి, వచ్చి మళ్లీ కూర్చుంది. ఆయన బయట అరుగుమీద బీడీ కాలుస్తూ, ఇంకా ఎంతసేపు అని అరిచాడు.

నూలు విషయంలో ఆ తప్పు మళ్లీ చేయలేదు.

"ఈమెది తెల్లెంటికల బాధ మామా," వీరేష్ నవ్వుతూ మాట తేలిక చేయబోయాడు. "నువ్వెప్పుడూ సెప్పే ఆ ఆధార్ కత సెప్పు. నవ్వుకోనీ."

ఆదెప్ప చెంబు కింద పెట్టాడు.

"సెప్తా. నేను, మల్లేశ్వరి ఆధార్ కార్డుకు పోయినాం. మిషన్ల ఆమె వేలిముద్ర పడల్యా. ఆడ కూసున్నోడు నన్ను సూసి, పెద్దాయనా, మీ అమ్మ వేళ్లు అరిగిపోయినాయి అన్నె. మా యమ్మ ఇంట్ల మంచం మీదుంది, ఇది నా పెండ్లాం అన్నా. అందరూ పడీ పడీ నవ్విరి."

వీరేష్ అలవాటుగా నవ్వు మొదలుపెట్టి, ఆదెప్ప ముఖం చూసి ఆపేశాడు.

"ఆమెకు అప్పుడు నలభై ఐదు. నాకు యాభై ఐదు. కొంగుతో వేళ్లు తుడుసుకోని మళ్లీ పెట్టె. మళ్లీ పడల్యా. నేనింకా నవ్వుతానే ఉన్నా. పెండ్లిండ్లకు పోయి కూడా ఇదే సెప్పి నవ్విచ్చినా."

మంచంలో ఉచ్చీరప్ప గొంతులో గురక లాంటి చప్పుడు వచ్చింది.

"తాతా," హేమ దగ్గరకొచ్చింది. "మల్లేశ్వరవ్వ దానివల్లే పోయిందని ఎవరూ సెప్పలేరు. అది ఎంతోమందిని కొలిసి సెప్పే మాట. ఒక మనిషికి ఇదే కారణమని..."

పిల్ల దారి చూపించింది. బయటపడడానికి చాలినంత దారి. ఐదేళ్లుగా ఆయన అలాంటివే వెతుక్కుంటున్నాడు. డాక్టరు ఆలస్యం చేశాడు, ఆమెది మొదటినుంచీ బలహీనపు ఒళ్లు, రాసిపెట్టినంతే ఆయుష్షు.

"కొసల సంగతి నాకు తెలీదు," అన్నాడు. "నిద్ర సంగతి తెల్సు. ఆమె కన్ను మూస్తే లేపింది నేను. మా యమ్మను ఒక్కసారి ఈ సేతులతో పక్కకు తిప్పల్యా. పదకొండేండ్లు."

వీరేష్ వైపు తిరిగాడు.

"బావను ఆస్పరికి పంపు. పంపేదాకా నేనీడనే ఉంటా."

"జనం ఏమంటారు మామా..."

"జనమొచ్చి తిప్పుతారా మీ నాయినను? మగోడంటే నేనంటివే. నన్ను సూసి నేర్సుకుంటే నువ్వూ ఒక్కడివే కూసుంటావు. లే, మీ నాయినను పక్కకు తిప్పుదాం, ఆ కాళ్లు పట్టుకో."

వీరేష్ కదల్లేదు. ఆదెప్ప లేచి తానే మంచం దగ్గరకు వెళ్లాడు. భుజం కింద చెయ్యి దూర్చాడు. ఎత్తలేకపోయాడు. అప్పుడు వీరేష్ వచ్చి కాళ్లు పట్టుకున్నాడు. ఇద్దరు మగవాళ్లు కలిసి ఉచ్చీరప్పను గోడవైపు తిప్పి, వీపు కింద దిండు పెట్టేసరికి ఆదెప్పకు ఆయాసం వచ్చింది. నడుము పట్టేసింది.

అప్పటికే మహేశ్వరి వంటింటి గడప మీద తల పెట్టి, నేలమీదే నిద్రపోయింది. నోరు తెరుచుకుని ఉంది. కుక్కర్ కూత వేసినా కదల్లేదు. ఆదెప్ప ఆమె పక్కనుంచి మెల్లగా దాటి వెళ్లి స్టవ్వు ఆర్పాడు.

"మళ్లీ ఎప్పుడు తిప్పల్ల?" అని హేమను అడిగాడు.

"ఇంకో రెండు గంటలైనాక, తాతా."

ఆయన గోడ గడియారం చూసి మంచం పక్కన కింద కూర్చున్నాడు. నడుములో నొప్పి తగ్గలేదు. తగ్గాలని ఆయన కోరుకోలేదు.