సీతాఫలం పాఠం

పెళ్లయి ఎనిమిది నెలలు దాటినా అమృత నోట మొగుడి పేరు రాలేదు. మొగుడి పేరు పైకి అంటే ఆయన ఆయుష్షు తరుగుతుందని చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ చెప్పింది. ఎం.ఏ. ఇంగ్లీషు ఫస్టు క్లాసులో ప్యాసైన మనిషి ఇలాంటివి నమ్మకూడదని అమృతకు తెలుసు. నమ్మేది కూడా కాదు. కానీ పలకబోతే మాత్రం చెవులు వేడెక్కేవి, గొంతుకు ఏదో అడ్డం పడేది, ఆ తర్వాత నవ్వొచ్చేది. ఆమె పలకని పేరు చెప్పడానికి మనకు మాత్రం తొందరేముంది? ఆయన అనే అందాం.

పెళ్లినాడు అత్తవారింటి గడప దగ్గర ఆడబిడ్డ ఈరమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టి, "పేరు చెప్పి లోపలికి రా పిల్లా," అంది. అందరూ చెప్పేదే, ఏ కొత్త పెళ్లికూతురైనా చివరికి గొణిగేదే. అమృత అరగంట నిలబడింది. చెమటకు బాసికం జారింది, ఎత్తుకున్న చుట్టాల పిల్ల నిద్రపోయింది, పేరు మాత్రం రాలేదు. పాపమని వదిలేశారు. ఈరమ్మ మాత్రం వదల్లేదు. తార్నాకలో కింది వాటా ఆమెది. మేడమీద రేకుల గది తమ్ముడికీ మరదలికీ ఇచ్చింది. సాయంత్రం అమృత క్యాంపస్ లైబ్రరీ నుంచి వచ్చేసరికి చీపురు అడ్డం పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడేది.

"ఎవరింటికి వచ్చినవ్?"

"మా ఇంటికే వదినె."

"మా ఇల్లంటె ఎవరిల్లు? పేరుండదా ఇంటాయనకు?"

అమృత ఆమె చంక కిందినుంచి దూరి మెట్లెక్కి పారిపోయేది. రోజూ ఆడినా ఆ ఆట ఆమెకు విసుగు పుట్టలేదు. ఆ రోజుల్లో ఆమెకు ఏదీ విసుగు పుట్టించేది కాదు. కిరసనాయిలు స్టవ్వు మొదటి పుల్లకే అంటుకుంటే సంబరం. లాలాగూడ వర్క్‌షాపు సైరన్ మోగగానే ఇద్దరూ పోటీపడి గడియారం సరిచేసుకోవడం సంబరం. డబుల్ డెక్కర్ బస్సులో పైన, ముందు సీటు దొరికితే ఆ పూటకి అన్నం కూడా అక్కర్లేదు.

ఇంకో ఆట కూడా ఉండేది. ఇద్దరూ ఒకే క్లాసులో చదివారు. ఆయనది సెకండు క్లాసు. మాటకారి, నలుగురిలో నవ్వించగలడు. రాయమంటే మాత్రం కలం కొరికేవాడు. ఆయన ఉద్యోగాల అర్జీలన్నీ అమృతే రాసేది. రాసి పైకి చదివి వినిపించేది. చివర సంతకం చోట ఆగి, పేరు మీద వేలు పెట్టి ఆయన వంక చూసేది.

"మిగిలింది చదువు," అనేవాడు ఆయన.

"చదివేసిన. మీరే ఇనలే."

ఆ శరత్కాలంలో డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద కాగితం చూసింది కూడా అమృతే. ఇథియోపియా బడుల్లో ఇంగ్లీషు చెప్పడానికి టీచర్లు కావాలట. వాళ్ల మనుషులు వచ్చి క్యాంపస్ గెస్ట్‌హౌస్‌లో మనిషిని చూసి, ఒక పాఠం చెప్పించుకుని తీసుకుంటారట. అక్కడినుంచి తార్నాక దాకా దాదాపు పరుగెత్తింది. రెండు ఫారాలూ తనే నింపింది. ఆ తర్వాత భయం పట్టుకుంది.

దేశం దూరమని కాదు. లైబ్రరీ అట్లాసులో కొలిచి చూసింది, జానెడు కూడా లేదు. తెలియని పిల్లలు అరవైమంది తన మొహంలోకి చూస్తుంటే నోరు తెరవడం ఎట్లా? ఎం.ఏ.లో సెమినార్ పేపరు చదివిన రోజు ప్రొఫెసరు, "నీ పేపరు పైన ఫ్యానుకు మాత్రమే వినిపించిందమ్మా," అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వు ఏ భాషలో ఉంటుందో కూడా తెలియదు. రాత్రి అన్నం కలుపుతూ కలుపుతూ అడిగేది:

"ఇగో, ఇంటున్నరా? అక్కడి పిల్లలు నవ్వితే ఏం చెయ్యాలె?"

"నువ్వు సుత నవ్వు."

"చింతపండు దొరుకుతదా?"

"దొరకకపోతే వాళ్ల రాజుకు అర్జీ రాద్దాం. నువ్వు రాయి, నేను సంతకం పెడ్త."

భయం పోగొట్టుకోవడానికి డాబా మీద బడి పెట్టింది. తీగ మీద ఆరేసిన బట్టలే పిల్లలు. ఈరమ్మ జరీచీర మొదటి బెంచి, వర్క్‌షాపులో ఫిట్టరైన ఆమె మొగుడి ఖాకీ నిక్కర్లు వెనక బెంచి అల్లరి మూక. రెండురోజులకు బట్టల ముందు గొంతు లేచింది. నాలుగోరోజు పాఠం దొరికింది. మౌలాలి వైపు నుంచి గంపలో తెచ్చి అమ్మే సీతాఫలాలు రెండు కొని, ఒకటి చేతిలో పెట్టుకుంది. ఇదేమిటి? గట్టిగా ఉందా, మెత్తగా ఉందా? చూడండి, విప్పుతున్నాను. ఇప్పుడు విప్పాను. తినండి. గింజలు ఉమ్మకండి, బల్ల మీద పెట్టండి. వన్, టూ, త్రీ. ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయి? ఒక్క పండుతో ఎన్ని వాక్యాలు, ఎన్ని లెక్కలు! భాష రాని పిల్లాడికైనా నోట్లో తీపి ఉంటే మాట వస్తుంది. ఆ మాట తనకే తట్టిందని అమృత డాబా మీద గిర్రున ఒక చుట్టు తిరిగింది.

ఆయన పిట్టగోడ మీద నోట్‌బుక్కు పెట్టుకుని కూర్చునేవాడు.

"విప్పుతున్నవు, విప్పినవు, తర్వాత? మల్లొకసారి చెప్పు."

చెప్పేది.

"గింజల కాడ పిల్లల్ని ఏమడుగుతవ్? మల్లొకసారి చెప్పు."

తన పాఠాన్ని మొగుడు అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటున్నాడని అమృత మురిసిపోయింది. ఏ మొగుడు వింటాడు పెళ్లాం మాట అంత శ్రద్ధగా?

పరీక్ష రోజుకని రెండు పళ్లను ఈరమ్మ బియ్యం డబ్బాలో పూడ్చి మాగబెట్టింది. పొద్దున తీసి పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఇద్దరూ నడుచుకుంటూ క్యాంపస్‌కు బయలుదేరారు. దారిలో ఆయన చెయ్యి చాపాడు.

"సంచి ఇటియ్యి. చెమటకు చీర నలుగుతున్నది."

ఇచ్చింది. అంత చిన్న సంచి మోస్తానన్న మొగుడి మీద ప్రేమ పొంగింది కూడా.

గెస్ట్‌హౌస్‌లో ఆయన్నే ముందు పిలిచారు. సంచితోనే లేచి లోపలికి పోయాడు. మరిచిపోయాడేమోనని అమృత సగం లేచింది. అప్పటికే తలుపు మూసుకుంది. కాసేపటికి లోపల నవ్వులు. మా ఆయన నవ్విస్తున్నాడు అనుకుని వరండాలో కూర్చున్న మిగతా వాళ్లవంక గర్వంగా చూసింది. మళ్లీ నవ్వులు, ఈసారి ఇంకా పెద్దగా. ఆయన జేబురుమాలుతో వేళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"సంచేది?" అంది అమృత.

"లోపలనే ఉండిపోయింది. నువ్వు పో, పిలుస్తున్నరు."

లోపల ముగ్గురు ఉన్నారు. మధ్యలో నెరిసిన ఉంగరాల జుట్టుతో పొడుగాటి ముసలాయన, పక్కన తెల్లశాలువా కప్పుకున్న వాళ్ల దేశపు ఆవిడ, ఈ చివర మనవైపు గుమాస్తా. బల్ల మీద పేపరు పరిచి ఉంది. దానిమీద రెండు సీతాఫలాల తొక్కలూ. పక్కన నల్లటి గింజలు మూడు వరసల్లో, లెక్కపెట్టి పెట్టినట్టు. శాలువా ఆవిడ ఇంకా చప్పరిస్తున్న గింజను పిడికిట్లోకి తీసుకుని సిగ్గుగా నవ్వింది.

"మీ వారు చక్కటి పాఠం చెప్పారు," అన్నాడు ముసలాయన ఇంగ్లీషులో, మెల్లగా, మర్యాదగా. "ఇక మీది వింటాం."

ఆ పాఠం నాది అనాలి. అది ఒక్క వాక్యమే. కానీ ఆ వాక్యం అంటే మొగుడు దొంగ అన్నట్టే. ఇంకో పాఠం కోసం తల్లో వెతికింది. తీగ మీద బట్టలు కనిపించాయి, మరేమీ కనిపించలేదు.

ముసలాయన ఆమె బెరుకు పోగొట్టాలని చూశాడు. "మీకు చాలా సిగ్గని మీ వారు చెప్పారు. ఇంతవరకూ ఆయన పేరు కూడా పలకలేదట! మాకు భలే నవ్వొచ్చింది. మా బడుల్లో క్లాసుకు అరవైమంది ఉంటారమ్మా. పాఠం వద్దు. ఆ పేరొక్కటి ఇక్కడ పైకి చెప్పండి. అరవైమంది ముందు నిలబడగలరని నమ్ముతాను."

ఎంత సులువైన పరీక్ష! గుమాస్తా కలం పట్టుకుని ముందుకు వంగాడు. శాలువా ఆవిడ చెప్పు చెప్పు అన్నట్టు తలాడించింది. అమృత చెవులు వేడెక్కాయి. గొంతుకు ఎప్పటిలాగే అడ్డం పడింది. ఈసారి నవ్వు మాత్రం రాలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. చివరికి ఆవిడే లేచి, గ్లాసుతో నీళ్లిచ్చి, భుజం తట్టి తలుపుదాకా తీసుకొచ్చింది.

దారిలో పల్లీలబండి దాటాక అమృత అడిగింది.

"పేరు సంగతి వాళ్లకెందుకు చెప్పిన్రు?"

"గమ్మతుకు అన్న. ముసలాయన మూతి బిగబట్టుకొని కూసున్నడు, జర నవ్విద్దామని. నిన్ను గదే అడుగుతరని నాకేమెరుక?"

"మరి సీతాఫలం?"

"ఏందమృతా, నీది నాది అని ఉంటదా మనకు? ఒక్కరికొచ్చినా ఇద్దరికొచ్చినట్టే గద." వెనక్కి పోయి పల్లీల పొట్లం కొనుక్కొచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

వేడిగా ఉన్నాయి పల్లీలు. ఇద్దరికొచ్చినట్టే అన్న మాట ఆమె మనసుకు పట్టింది. మొగుడి వెంట పోవచ్చు, పోయాక అక్కడ ఏదో ఒక బడిలో అడగవచ్చు. రాత్రికల్లా ఏడుపు మానేసింది. ఆ వారమే చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి, ఉండలు చేసి జాడీకెత్తింది. ఆ దేశం కొండల్లో చలిగా ఉంటుందట, ఉన్నిదారం కొని ఆయనకు స్వెట్టరు మొదలుపెట్టింది. తనకు కూడా చాలేంత కొంది.

నెలన్నరకు ఉత్తరం వచ్చింది. పని ఆయనకు వచ్చింది. ఈరమ్మ వాడంతా చెప్పొచ్చింది. ఆ సాయంత్రం ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు.

"ఫ్యామిలీలకు మొదటి ఏడు క్వార్టర్ ఇయ్యరంట. మల్ల ఏడు పిలిపిస్త. అక్కకాడ ఉండు."

అమృత ఆ రాత్రి స్వెట్టరు చెయ్యి కళ్లకు అద్దుకుని ఏడ్చి, పొద్దున్నే లేచి ఆయనకు నీళ్లు కాచింది. ప్రభుత్వాల రూల్సు, ఆయనేం చేస్తాడు పాపం?

ఆదివారం, ఎండ ఎక్కుతున్న వేళ, ఆయన కిటికీకి అద్దం తగిలించి గడ్డం గీసుకుంటూ అన్నాడు. "వస్తున్ననని జవాబు రాయాలె. నువ్వే రాయి. నీ ఇంగ్లీషైతే మంచిగుంటది."

ఉత్తరం బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. నంబరు రాసుకోవడానికి అమృత తిప్పింది. నంబరు కింద జీతం, ప్రయాణం. ఆ కింది పేరాలో, పెళ్లయిన టీచర్లకు రెండు గదుల ఇల్లు సిద్ధంగా ఉంటుందని, భార్యను వెంట తీసుకురావచ్చని, ఎంతమంది వస్తున్నదీ జవాబులో తెలపమని ఉంది. అమృత రెండుసార్లు చదివింది. ఆమె ఇంగ్లీషు మంచిది, తప్పుగా అర్థమయ్యే వీల్లేదు.

"ఎంతమంది వస్తున్నరని రాయాలె?" అని అడిగింది.

"ఒక్కడినే అని రాయి."

"ఇల్లు ఇస్తమని ఉన్నది గద."

అద్దంలో ఆయన కళ్లు ఒక్క క్షణం ఆమె మీద ఆగి, మళ్లీ దవడ మీదికి పోయాయి.

"ఉన్నదిలే. నువ్వు వచ్చి ఏం చేస్తవ్ గాడ? కొత్త మనిషి కనబడితె నోరు పెగలదు. నలుగురి ముందట నిన్ను కప్పిపెట్టుకుంట తిరుగుడే నా పనైతది. గా ముసలాయన ముందట పోయిన ఇజ్జత్ చాలు." బ్లేడు కడుక్కున్నాడు. "ఆఁ, సీతాఫలం నోట్సు సూట్‌కేసుల పెట్టు, మర్చిపోకు. గసొంటివి ఇంకో పది రాసియ్యి, ఏడాది ఎల్తది."

అమృత రాయడం మొదలుపెట్టింది. ఒక్క కొట్టివేత లేదు. ఒంటరిగా బయలుదేరుతున్నాను అన్న వాక్యం దగ్గర కూడా అక్షరం వంకరపోలేదు.

"అయిందా? చదువు," అన్నాడు ఆయన.

చదివింది. నంబరు చదివింది, తేదీ చదివింది, కృతజ్ఞతలు చదివింది, ఒంటరిగా అన్నది చదివింది. చివర సంతకం చోటికి వచ్చింది. ఆయన అలవాటుగా అద్దంలో నవ్వాడు, ఆమె ఆగి వేలు పెడుతుందని.

ఆమె ఆగలేదు.

"మొగిలి వీరస్వామి."

బ్లేడు కసుక్కున దిగింది. నురగలో ఎర్రటి చుక్క లేచింది. మిరపకాయలు ఆరబోయడానికి చేటతో మెట్లెక్కి వచ్చిన ఈరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఓ పిల్లా! ఏందది? మొగుని పేరు గట్ల తీస్తరా?"

"మీరే గద వదినె, ఎనిమిది నెలలసంది చెప్పు చెప్పు అంటిరి."

"అది గడప మీద ఆటకు. గిట్ల నిలబెట్టి అంటరా, దూరదేశం పోయేటోన్ని? ఆయుస్సు తరుగుతది!"

"ఒక్కసారంటే ఎంత తరుగుతది వదినె?" అంది అమృత, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. "ఒక నెలా? ఒక ఏడా?"

ఉత్తరం బల్ల మీద పెట్టి, ఆమె పక్కనుంచి డాబా మీదికి నడిచింది. ఆదివారం బట్టలు తీగనిండా ఉన్నాయి. జరీచీర ముందు బెంచిలో, ఖాకీ నిక్కర్లు వెనక. వాటికి ఎదురుగా నిలబడి, పమిట సర్దుకుని, పక్క డాబా వాళ్లు కూడా తలెత్తి చూసేలా గొంతు విప్పింది.

"మొగిలి వీరస్వామి. వన్."

ఆ గొంతు ఎక్కడా వణకలేదు.

"మొగిలి వీరస్వామి. టూ."

ఈరమ్మ చేట కింద పడేసి, రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఎదురుగా నిలబడింది. "నీ కాల్మొక్త, ఆపవే. నా తమ్మునికి ఏమన్న అయితది!"

"త్రీ."

సగం గడ్డం నురగతో, చెంప మీద నెత్తుటి చారతో ఆయన గుమ్మంలోకి వచ్చాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "అమృతా, ఇగ చాలు," అన్నాడు. ఆ మాట తీగ మీది బట్టల దాకా కూడా పోలేదు.

అమృత చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇనబడలే," అంది. "మల్లొకసారి చెప్పు."