బరువు దించాక చెప్పే కబురు

ఆ ఇంటివాళ్ళది ఇళ్ళు మార్చే పని. జనాల సామాను లారీకెత్తి, ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి చేరవేయడం. మొదలుపెట్టింది నాన్న. ఇప్పుడు కొడుకు బేరాలు చూస్తాడు, కోడలు గాజుసామాను కాగితాల్లో చుడుతుంది. లారీ డ్రైవరు పరాయివాడే, అయినా ఇంట్లోవాళ్ళని తిట్టేంత చనువుంది. ఇక కూతురు. ఇంట్లో పైచెయ్యి ఎవరిదైనా కానీ, మెట్ల మీద బీరువా దించేటప్పుడు కిందచెయ్యి మాత్రం ఆమెదే. బరువంతా కిందవాళ్ళ మీదే పడుతుంది. అందుకే అందరూ ఆమెను గట్టిపిండం అంటారు.

ఆ పనిలో నాన్న పెట్టిన కట్టుబాటు ఒకటుంది. కింద పట్టుకున్న మనిషికి, బరువు నేల తాకేదాకా ఏ కబురూ చెప్పకూడదు. మంచిదీ వద్దు, చెడ్డదీ వద్దు. గుండె ఝల్లుమని కాలు తడబడిందా, మనిషి బీరువా కిందుంటాడు. డ్రైవరుకి కొడుకు పుట్టిన కబురు కూడా ఫ్రిజ్ అంతస్తులన్నీ దిగాకే చెప్పారు. అతను ఏడుస్తూ, నవ్వుతూ, అందర్నీ వరసపెట్టి తిట్టాడు.

ఆమె మారథాను పరుగు పందేనికి దిగడం కూడా నాన్న పుణ్యమే. కదిలే లారీ వెనక పరిగెత్తి ఎక్కే కూతుర్ని చూసి, "ఆ పరుగేదో పందెంలో పరిగెత్తవే, మెడలో పతకమైనా పడుతుంది" అన్నాడు. వేళాకోళానికన్న మాటని ఆమె గట్టిగా పట్టుకుంది. ఏడాది పొడుగునా ఉదయాలన్నీ రోడ్డుమీదే. అన్న నీళ్ళసీసాలతో స్కూటరు మీద వెనకాలే తిరిగాడు. వదిన మోకాళ్ళకి పట్టీలు కట్టింది. డ్రైవరు పాత టైరుకి తాడు కట్టి ఆమె చేత ఈడ్పించాడు. అంతా బాగానే ఉందనుకుంటుండగా నాన్న ఊపిరితిత్తులు మొరాయించాయి. పందెం నాటికి ఆయన ఆసుపత్రి మంచం మీద, ముక్కులో గొట్టంతో ఉన్నాడు.

ముందురోజు సాయంత్రం ఆమె పరిగెత్తనని మొండికేసింది.

"నేనెక్కడికి పోతానే? వెళ్ళి పరిగెత్తిరా" అన్నాడు నాన్న. డాక్టరేమో ఎటూ తేల్చలేదు.

వరండాలోకి వచ్చాక ఆమె అన్న చెయ్యి పట్టుకుంది. "రేపు నా దగ్గర ఫోనుండదు. నాన్నకి కాస్త తేడా చేసినా, నేను దారిలో ఎక్కడున్నా సరే, వచ్చి చెప్పాలి. పందెం పోతే పోయింది. నాన్న కడచూపు నాకు దక్కాలి అన్నయ్యా."

"నీ మీద ఒట్టు, చెప్తాను" అన్నాడు అన్న. ఆ క్షణాన అతని మనసులో కపటం లేదు. తర్వాత జరిగినదానికి అతన్ని ఎంత తిట్టుకున్నా, ఈ మాట ఒప్పుకోవాలి.

పొద్దున వదిన ఆసుపత్రిలో ఉండిపోయింది. అన్న, డ్రైవరు స్కూటరు వేసుకుని పందెం దారి వెంట బయల్దేరారు. సగం దూరం దాటాక ఒక బేకరీ ఉంది. దాని పక్క సందులోకి తిరిగితే ఆసుపత్రే. అక్కడ నిలబడి ఆమె కోసం చూస్తుండగా అన్న ఫోను మోగింది.

"ఏమండీ, మావయ్యగారికి ఊపిరి అందట్లేదు. అమ్మాయిని పిలవమంటున్నారు. త్వరగా తీసుకురండి" అంది వదిన.

అన్న తలెత్తేసరికి చెల్లెలు కనిపించింది. ఒళ్ళంతా చెమట. అడుగు మాత్రం ఎక్కడా తడబడట్లేదు. చూపు నేలమీద, దవడ బిగపట్టి ఉంది. మెట్ల మీద కిందచెయ్యి పట్టినప్పుడు సరిగ్గా అలాగే ఉంటుంది. అన్న ఫోనులో విన్నది డ్రైవరు చెవిన వేశాడు.

"ఇప్పుడొద్దు. దించనీ" అన్నాడు డ్రైవరు, అతని మోచెయ్యి పట్టుకుని.

ఆ ఒక్క మాటతో ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు. నాన్నకి ఇదివరకూ ఊపిరి అందలేదు, మళ్ళీ తేరుకున్నాడు. ఇప్పుడూ తేరుకుంటాడు. అన్న తనకు తాను అలా సర్దిచెప్పుకుని అరటిపండు ఒలిచి పట్టుకున్నాడు.

"నాన్నెలా ఉన్నాడు?" అంది ఆమె దగ్గరకొస్తూ.

"కులాసా! నువ్వు కానీ!" గొంతు అవసరానికి మించి పెద్దగా వచ్చింది. డ్రైవరు చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాడు. ఆమె పండు అందుకుని, నవ్వి, సందు ముందునుంచే వెళ్ళిపోయింది.

మంచి మనుషులే ఇద్దరూ. చెడ్డవాళ్ళయితే బతిమాలో భయపెట్టో ఒప్పించేవాళ్ళం. ఇంత ప్రేమగా తప్పు చేసేవాళ్ళని ఏం చేయగలం?

రెండో ఫోను వచ్చేటప్పటికి వాళ్ళు వంతెన దగ్గరున్నారు. ఈసారి వదిన మాట్లాడలేదు, ఏడ్చింది. అన్న స్కూటరు ఆపి కాలిబాట మీద కూలబడ్డాడు. కాసేపటికి చెల్లెలు వచ్చింది. పిక్కలు పట్టేసి కుంటుతోంది. అతను లేచి ముఖం తుడుచుకుని, "ఇంకెంతో లేదు! కానీ, కానీ!" అని అరిచాడు. ఇంక ఎలాగూ మించిపోయిందనుకున్నాడు. ఆ మాట నిజమే కావడం అతనికి ఇప్పటికీ మింగుడుపడదు.

ఆమె గీత దాటింది. ఎవరో మెడలో పతకం వేశారు. దాన్ని గుప్పిట్లో పట్టుకుని తిన్నగా అన్న దగ్గరకొచ్చింది. "పదండి, నాన్నకి చూపించాలి."

అప్పుడు చెప్పాడు.

ఆమె ఏడవలేదు. పతకం వదిలేసి అన్న ముఖంలోకి చూసింది. "నన్ను పిలిచాడా?"

దారిలో కులాసా అని అబద్ధం ఆడినవాడు ఇక్కడ ఆడలేకపోయాడు. "పిలిచాడు."

"నేనెక్కడున్నాను అప్పుడు?"

"బేకరీ దగ్గర."

"అంటే బతికుండగానే ఆయన వాకిలి ముందునుంచి పోయాను."

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "చెల్లెమ్మా, బరువు మీద ఉన్న మనిషికి ఎలా చెప్తాం? నాన్నగారు నేర్పిందే కదా..."

ఆమె రెండు చేతులూ చాచి అన్న ముఖానికి ఎదురుగా పెట్టింది.

"ఏం బరువు అన్నయ్యా? అప్పుడు నా చేతుల్లో ఏముంది? నువ్విచ్చిన అరటిపండే కదా."

డ్రైవరు స్కూటరు స్టార్టు చేశాడు. ఆమె ఎక్కలేదు. కాళ్ళీడ్చుకుంటూ, గోడలు పట్టుకుంటూ, ఆసుపత్రి వైపు ఒక్కతే నడవడం మొదలుపెట్టింది. ఆమె పక్కన నడిచే ధైర్యం ఆ ఇద్దరికీ లేకపోయింది.