కొలతకు నిలబడే మనిషి

ఆ దుకాణంలో కొత్త రకం గౌను ఏది కుట్టినా ముందు ఆమె ఒంటిమీదే చూసేవారు. ఆమెకు సరిపోతే అది మీడియం. అక్కణ్ణుంచి కిందకి చిన్న సైజు, పైకి పెద్ద సైజు లెక్క కట్టేవాడు మాస్టరు. మాస్టరంటే కత్తెర పట్టే మనిషి, దుకాణం యజమాని, ఆమె మొగుడు. ప్రేమించి చేసుకున్నవాడే.

కొనేవాళ్ల దగ్గర మాస్టరు నోరు వెన్న. జిప్పు పైకి రాకపోతే, "బట్ట ఇరుగ్గా వచ్చిందమ్మా, ఈ తానే అంత" అనేవాడు. నిరుటి గౌను ఈ ఏడు పట్టనివాళ్లకు, "ఉతికితే ముడుచుకుపోయే రకం లెండి" అని సర్దిచెప్పేవాడు. తప్పెప్పుడూ బట్టదే. గిరాకీ నిలబడిందంటే సగం ఆ మాటల మీదే.

కానీ మంచి మాటంతా ముందు గదిలోనే ఖర్చు పెట్టేసి, వెనక గదిలోకి ఖాళీ చేతులతో వచ్చేవాడు. ఆమె పీట మీద నిలబడితే, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని చుట్టూ తిరుగుతూ, "చేతులు బరువెక్కాయి నీకు" అనేవాడు. "పక్కకి తిరుగు. ఈ పొట్ట ఎప్పుడొచ్చింది?" అనేవాడు. కోపం లేదు, వెక్కిరింపూ లేదు. బయట వాన పడుతోందని చెప్పినంత మామూలుగా అనేవాడు. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు. ఏమీ అనలేదనుకునేవాడితో ఏం తేల్చుకుంటాం? చాన్నాళ్లు ఆమె దాన్ని చిల్లర నష్టం కింద కొట్టేసింది. ఈ మధ్య రాత్రి పడుకునేముందు దీపం ఆర్పాకే బట్టలు మార్చుకుంటోంది.

"అన్నయ్య నోట్లో సూదులుంటాయి కదా వదినా, మాట వాటి సందులోంచే రావాలి" అంది కాజాలు కుట్టే ఆడపడుచు.

"అన్నం తినేటప్పుడు కూడా అలాగే వస్తోంది మరి" అంది ఆమె.

ఒక ఆసుపత్రి నుంచి నర్సులకు గౌన్లు కావాలని పెద్ద పని వచ్చింది. మాస్టరు ఆమె నడుముకు టేపు చుట్టి చూసి, పెదవి విరిచాడు.

"నువ్వింక మీడియం కావు. ఒక బొమ్మ తెచ్చేద్దాం. బొమ్మైతే మారదు."

తన మాటకు తనే నవ్వుకున్నాడు కూడా. ఆమె పీట దిగింది.

"తెచ్చుకో" అంది.

తల లేని బొమ్మ వచ్చి పీట పక్కన నిలబడింది. ఆమె ముందు గదిలోకి వెళ్లి బేరాలు చూసుకుంది. మొదటి రోజు ఉక్రోషం. తర్వాత చూసుకుంటే హాయిగానే ఉంది. ఎవరూ తన వెనక తిరుగుతూ ఒళ్లు లెక్కపెట్టడం లేదు.

గౌన్లు వెళ్లాయి. వెళ్లినవన్నీ మూటగా తిరిగొచ్చాయి. వెంట హెడ్ నర్సు కూడా వచ్చింది.

"ఈ తాను కాస్త..." అని మొదలుపెట్టాడు మాస్టరు.

"తానుదేం తప్పు మాస్టారూ? సెలైన్ సీసా తగిలించడానికి చెయ్యెత్తితే చంక దగ్గర పర్రున చిరుగుతోంది. మా నర్సు పిల్లలు రోగుల ముందు చేతులు కట్టుకు నిలబడుతున్నారు."

బొమ్మ చెయ్యెత్తదు. కూర్చోదు, వంగదు, ఇక్కడ పట్టేస్తోందని చెప్పదు. ఇన్నాళ్లూ పీట మీద ఆ పనులన్నీ ఆమె చేసేది. మాస్టరు వాటిని లెక్కలో వేయనే లేదు. హెడ్ నర్సు వెళ్లాక అతను ఆమె దగ్గరికొచ్చాడు.

"ఒక్కసారి వచ్చి నిలబడు."

"నేను మీడియం కాను కదా."

"అది పట్టుకు కూర్చున్నావా? నోటికొచ్చింది అన్నాను. నువ్వైతే ఎక్కడ బిగుతో చెప్తావుగా."

"నేను చెప్పేది గౌను సంగతి. నువ్వు చెప్పేది నా సంగతి."

"నేనేమన్నాననీ..."

నిజంగానే అడుగుతున్నాడు. జాబితా చదివి వినిపించే ఓపిక ఆమెకు లేదు. మళ్లీ పీట మీద నిలబడడం కంటే ఇతనికి మొదట్నుంచీ చెప్పుకురావడమే పెద్ద చాకిరీ అనిపించింది. కానీ నర్సుల చేతులు గుర్తొచ్చాయి.

"నిలబడతాను. సూదులు నీ చెల్లెలు పెడుతుంది. నువ్వు తెర అవతల ఉండు."

"మొగుణ్ణి నేను, తెరేంటి?"

"అందుకే."

ఆడపడుచు నవ్వాపుకుంటూ తెర లాగింది. ఆమె గౌను తొడుక్కుని చేతులెత్తింది, వంగింది, పీట మీద కూర్చుని లేచింది. అవతల మాస్టరు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. అతని చెప్పులు తెర కింద కనిపిస్తున్నాయి.

"సరిపోయిందా?"

"చంక కింద రెండు వేళ్లు పట్టేంత వదులు. నడుం దగ్గర కూడా. కూర్చుంటే పట్టేస్తోంది."

"నడుమంటే నీకు..." అని ఆగిపోయాడు. "సరే, వదులుతాను" అన్నాడు చివరికి. ఇంకాసేపటికి, "నేను లోపలికి రావచ్చా?" అన్నాడు.

"వద్దు."

"ఎన్నాళ్లిలా?"

ఆమె ఆలోచించింది.

"తెలీదు. ముందు ఆ చంక సరిచెయ్యి" అని విప్పిన గౌను తెర పైనుంచి అందించింది.